అవ్వ పెట్టెలోని రూపాయలు గ్రేడింగ్‌కి పంపే ముందు

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అవ్వ ట్రంకు పెట్టెలోని నాణేలన్నీ అమెరికాకి గ్రేడింగ్‌కి పంపబోతున్నావని మీయమ్మ ఫోన్లో చెప్పింది. నాణెం ఎంత బాగా మిగిలిందో చూసి గ్రేడు అంకె వేసి, ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సీలు చేసి, నంబరేసి ఇస్తారట, ఆ తర్వాత లక్షలకు పోతాయట అని ఒకటే సంబరం ఆమెకి. ఇన్నాళ్లకు మన ఇంట్లో ఒకడు ఆ పెట్టె మూత తీసి, ఇది ఏ సంవత్సరంది, ఏ టంకశాలది అని చూస్తున్నాడంటే నాకూ గర్వంగానే ఉంది. అయితే నువ్వు రాసుకున్న లిస్టు కూడా ఆమె వాట్సాప్‌లో పంపింది. అది చూశాకే గుబులు పట్టుకుంది. నలభైకి పైగా నాణేలు. వాటిలో పంపదగ్గవి రెండో మూడో ఉంటాయి. ఆ రెండు మూడు పంపకపోయినా కొంప మునిగేదేమీ లేదు.

మిగతాది చదివే ముందు లేచి వంటింట్లోకి పో. నాణేలు కడగొద్దని మీయమ్మకి చెప్పు. అమెరికా పోయే వస్తువు మాసిపోయి ఉంటే పరువు తక్కువని ఆమె చింతపండు నానబెట్టి ఉంటుంది. మీయమ్మ సంగతి నాకు తెలుసు. చెప్పి వచ్చి కూర్చో.

మన ఇళ్లలో నాణేలకు జరిగే చెరుపంతా ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. అవ్వ ప్రతి దీపావళికీ లక్ష్మీపూజలో ఆ రూపాయలు పెట్టేది. పెట్టే ముందు వెండివి విభూతితో, రాగివి చింతపండు ఉప్పుతో తోమేది. పూజకు శుభ్రంగా ఉండాలన్నది ఆమె పట్టింపు, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ గ్రేడింగ్ చేసేవాడు పూజ చూడడు, గీతలు చూస్తాడు.

టంకశాలలో రెండు అచ్చుల మధ్య బిళ్ల నలిగినప్పుడు లోహం నడిమి నుంచి అంచు వైపుకు పారుతుంది. ఆ పారుదలకు నాణెం ఒంటి మీద కంటికి ఆనని సన్నటి వరసలు పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద మెల్లగా వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరిగేది ఆ వరసల వల్లే. దాన్నే లస్టర్ అంటారు. విభూతి ఎంత మెత్తగా ఉన్నా అది పొడే, వెండికి అదే ఆకురాయి. ఒక్కసారి రుద్దితే చాలు, ఆ వరసల తలలు తెగిపోతాయి. పైకి తళతళలాడుతుంది, కానీ వంచి చూస్తే వెలుగు తిరగదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. భూతద్దంలో చూస్తే గుడ్డ ఎటు తిరిగిందో అటు వైపంతా సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. వాడకంలో పడ్డ గీతలు అట్లా ఉండవు. అవి అన్ని దిక్కులా చెదిరి, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉంటాయి. ఈ తేడా కళ్లకు అలవాటయ్యేదాకా గ్రేడింగ్ మాట ఎత్తకు.

రాగి సంగతి ఇంకా అన్యాయం. చింతపండులోని పులుపు నలుపుతో పాటు పైపొర లోహాన్ని కూడా కొంచెం తినేస్తుంది. కడిగిన వెంటనే కాణీ గులాబీ కలిసిన నారింజ రంగుకు వస్తుంది. కొత్త రాగి రంగు అది కాదు. కొన్ని నెలలకు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, మళ్లీ కడుగుతారు. నాలుగైదు దీపావళులు దాటితే రాజుగారి చెంప చదునైపోతుంది. పీతాంబరి, సబీనా, టూత్‌పేస్టు, వంటసోడా అన్నిటిదీ ఇదే కథ. కంసాలి దగ్గర యాసిడ్‌లో ముంచి మెరుగు పెట్టిస్తే గీతలు పడవు కానీ, వెండి పైపొర కరిగి సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. అది కూడా చూసేవాడికి చప్పున తెలిసిపోతుంది.

ఇట్లా తోమిన నాణేన్ని పంపితే వాళ్లు తిప్పి పంపరు. డబ్బులు తీసుకుంటారు, డబ్బాలో పెడతారు. పైన చీటీ మీద అంకె ఉండాల్సిన చోట ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్’ అని రాస్తారు. కొంచెమే అరిగింది కానీ తోమేశారు అని దాని అర్థం. తోమిన నాణెం అని ముద్ర వేయించుకోవడానికి మనమే ఎదురు డబ్బు కట్టినట్టు. విడిగా అమ్మితే వచ్చే ధర కూడా ఆ చీటీతో రాకపోవచ్చు. అవ్వ తోమింది తోమింది, దానికిప్పుడు ఎవరమూ ఏమీ చేయలేం. అవి అవ్వ చేతి నాణేలుగా మన ఇంట్లో ఉంటాయి, వాటికి చీటీ అక్కర్లేదు. తోమకుండా మిగిలినవి ఉంటే వాటిని కాపాడడమే ఇప్పుడు నీ పని.

నల్లబడ్డ వెండిని చూసి భయపడొద్దు. గాలిలోని గంధకానికి వెండి నల్లబడడం సహజం, గ్రేడింగ్‌లో దానికి శిక్ష లేదు. కుంకుమ, పసుపు అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు ఉంచి తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టి ఆరనీ, రుద్దకు. పోకపోతే పోనీ. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేల మీద పచ్చగా జిగురు పడుతుంది. అది పీవీసీ కవరు ఊరి కారినది, ఊరికే వదిలితే లోహాన్ని తింటుంది. దానికి మాత్రం స్వచ్ఛమైన అసిటోన్ వాడొచ్చు. గాజు గిన్నెలో పోసి, నాణెం మునిగేట్టు కాసేపు ఉంచి తీయాలి. కిటికీ తీసి ఉండాలి, దగ్గర్లో పొయ్యి, అగరొత్తి ఉండకూడదు. గోళ్లరంగు తీసే సీసా తెచ్చి అదే అసిటోన్ అనుకోకు, అందులో నూనె, వాసన, రంగు కలిపి ఉంటాయి.

చూసే పద్ధతి ఇది. గదిలో లైట్లన్నీ ఆపి ఒక్క టేబుల్ లైటు వెయ్యి. ట్యూబులైటు కింద గీతలు దాక్కుంటాయి. కింద మెత్తటి టవలు పరుచు, జారిపడితే అంచు నొక్కుకుపోకుండా. నాణేన్ని అంచుతోనే పట్టుకో, ముఖం మీద వేలు ఆనించొద్దు. ఆ వేలిముద్ర కొన్నాళ్లకు మచ్చగా మిగిలిపోతుంది. పది రెట్లు చూపే భూతద్దం చాలు, అంతకంటే ఎక్కువైతే ప్రతి నాణెమూ గుంతల రోడ్డే. ముందు భూతద్దం లేకుండా వంచి వెలుగు తిరుగుతోందా చూడు. తర్వాత ఎత్తయిన చోట్లు చూడు. ఐదో జార్జి రూపాయి మీద కనుబొమ, మీసం, కిరీటం పైభాగం, భుజం మీది అంగీలో ఏనుగు బొమ్మ ముందు అరుగుతాయి. 1947 రూపాయి మీద పులి భుజం, తల చూడు. ఎత్తయిన చోట లోహం మసక బూడిద రంగుకు తిరిగి, చుట్టూ మాత్రం మెరుపుంటే అది వాడిన నాణెం. ఎంత అందంగా ఉన్నా ఏయూ 58 దాటదు, ఏయూ అంటే దాదాపు వాడనిది. అక్కడ కూడా వెలుగు ఆగకుండా తిరిగితేనే ఎంఎస్, అంటే అసలు వాడనిది, 60, ఆ పైన.

ఈ అంకెలన్నీ 70 దాకా ఉండే షెల్డన్ కొలత. 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి సెంట్ల కోసం పెట్టుకున్నదాన్నే ఇప్పుడు ఈ గ్రేడింగ్ కంపెనీలు వాడుతున్నాయి. 60 నుంచి 70 దాకా అసలు వాడకం పడని నాణేలే. సంచిలో ఒకదానికొకటి తగిలి పడ్డ దెబ్బలు ఎన్ని, రాజు ముఖం మీదా లేక అంచు పక్కనా, మెరుపు ఎంత మిగిలింది, అచ్చు ఎంత గట్టిగా పడింది, ఇవే చూస్తారు. మామూలు నాణేనికి 62కీ 63కీ ధరలో పెద్ద తేడా ఉండదు. 65 దగ్గర ధర ఒక్కసారిగా పైకి ఎక్కుతుంది. నీ చేతిలోనిది 65 అని నీకే అనిపించినప్పుడు ఒకటి రెండు మెట్లు దించి లెక్క వేసుకో. సొంత నాణేన్ని తక్కువగా చూసేవాడు ఇంకా పుట్టలేదు.

తర్వాత అంచు. మన వైపు వెండి రూపాయలు చాలావరకు ఎవరో ఒకరి మెడలో ఉండి వచ్చినవే. పన్నెండు గంటల ముల్లు చూపే చోట అంచును తిప్పి చూడు. కొక్కెం అతికించి ఊడదీసిన జాడ, ఆకురాయి పట్టిన నునుపు, చుట్టూ కంటే వేరే రంగులో టంకం మరక కనిపిస్తే దాన్ని పక్కన పెట్టెయ్. షరాబు పరీక్షకు కొట్టిన చిన్న గాటు కూడా అంతే. వెనకటి వాళ్లకు అది నమ్మకం, గ్రేడింగ్ వాళ్లకు దెబ్బ.

నీ లిస్టులో 1917 నుంచి 1920 దాకా పద్దెనిమిది రూపాయలున్నాయి. వందేళ్లవి కాబట్టి అరుదని నువ్వు అనుకున్నట్టుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో వెండి రూపాయలకు కరువొచ్చింది. కాగితం నోటు తెచ్చినవాడికి రూపాయి ఇవ్వలేని గండం వచ్చేసరికి బ్రిటిష్ వాళ్లు అమెరికాను అడిగారు. 1918 ఏప్రిల్‌లో అక్కడ పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల వెండి డాలర్లు కరిగించారు. అందులో చాలా భాగం మన టంకశాలలకే వచ్చి రూపాయలైంది. అందుకే ఆ ఏళ్ల రూపాయి ఊరూరా, ఇంటింటా ఉంది. అదే రాజు, అదే బొమ్మ, కేఎమ్ 524 అన్న కేటలాగు నంబరు కూడా అదే, కానీ 1921, 1922 రూపాయలు తక్కువ. పాతదవడం వేరు, దొరక్కపోవడం వేరు. వెనకవైపు అడుగున తామర పువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా. చుక్కనీ సంవత్సరాన్నీ కలిపి రాసుకో. ఉత్త ‘ఐదో జార్జి రూపాయి’ అని రాస్తే దాన్నిబట్టి ఏమీ తేలదు.

అరిగిన 1918 రూపాయికి కనీస ధర దాని వెండిదే. పూర్తి బరువు 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు వెండి, అంటే 10.69 గ్రాములు. ఆ రోజు వెండి గ్రాము ధరతో హెచ్చవేసుకో. అరుగుదలకు కొంచెం తగ్గించు. అంతకంటే తక్కువకు ఎవడైనా అడిగితే వాడు నిన్ను అమాయకుడు అనుకుంటున్నాడని అర్థం. 1940 నుంచి 45 దాకా వచ్చిన రూపాయలకు ఈ లెక్క పెట్టకు, వాటిలో వెండి సగమే. మిగతాది రాగి, కొంచెం నికెల్, కొంచెం జింకు. 1947 రూపాయి పూర్తి నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అతుక్కుందని నకిలీ అనుకోకు, అతుక్కుందని ఎవడో దానికి మహిమ అంటగడితే నమ్మకు.

ఇక అసలు అడ్డు. నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. కేంద్ర ప్రభుత్వమూ, అది అధికారమిచ్చిన సంస్థా తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. కొరియర్ ఫారంలో ‘పాత టోకెన్లు’ అని రాస్తే చాలని ఎవడో చెప్పాడట. అల్లుడూ, ఆ మాట చెప్పినవాడు జైలుకు రాడు, ఫారం మీద సంతకం నీది. 1808 ఇరవై కాసుల రాగి బిళ్ల, విక్టోరియా 1862 రూపాయి, 1911ది, ఆ పద్దెనిమిదీ, ఏ ఒక్కటీ అమెరికా పోవు. ఈ గీత ఏటా ఒక ఏడాది ముందుకు జరుగుతుంటుంది, అది కూడా గుర్తుంచుకో. వాటిలో దేనికైనా తప్పనిసరిగా డబ్బా కావాలంటే దేశంలోనే గ్రేడింగ్ చేసేవాళ్ల వైపు చూడాలి. వాళ్ల చీటీకి కొనేవాళ్లు ఎంత విలువ ఇస్తున్నారో ముందు వేలం ఫలితాల్లో చూసి, తర్వాత డబ్బు కట్టు.

ఇంకొకటి. ఆ ఇరవై కాసుల బిళ్ల పొలం దున్నుతుంటే దొరికిందని స్నేహితుల దగ్గర గొప్పకి కూడా చెప్పొద్దు. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. అది అవ్వ పెట్టెలోది, ఆ మాటే చెప్పు. అదేమంత అరుదు కూడా కాదు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో కొట్టి మద్రాసుకు పంపిన సరుకులో కొంత అడ్మిరల్ గార్డనర్ అనే ఓడతో 1809లో అక్కడి తీరంలోనే మునిగిపోయింది. తర్వాతి కాలంలో గజ ఈతగాళ్లు ఆ కాసుల్ని కుప్పలుగా పైకి తీశారు. ఇక్కడ చేతులు మారి అరిగిన దానికంటే సముద్రం అడుగున పడున్నదే మెరుగ్గా మిగిలింది, చూడు!

1911 రూపాయి మాత్రం వేరు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే. రాజుగారి అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనబడుతోందని గొడవైంది. బొమ్మ మార్చి 1912 నుంచి కొత్త అచ్చు వేశారు. 1911వి వెనక్కి లాగేసుకున్నారు. కాబట్టి అరిగినదైనా దానికి ధర ఉంది, ధర ఉన్నచోటికి నకిలీ కూడా వస్తుంది. నూరో వంతు గ్రాము చూపే చిన్న తూనిక కొని తూచు. వాడిన నాణెం 11.66కి కాస్త తగ్గొచ్చు, పెరగకూడదు. అంచు చుట్టూ అతుకు గీత, ఖాళీ చోట చిన్న చిన్న బుడిపెలు ఉంటే పోత పోసినదని అర్థం. టంకశాల నాణెం పోత కాదు, దెబ్బ మీద అచ్చు పడేది. అంకెల అంచులు పదునుగా, లోపలి మూలలు చక్కగా తెగి ఉండాలి.

అమెరికా పంపడానికి మిగిలేవి ఆరో జార్జి కాలంవీ, స్వతంత్రం వచ్చాకవీ. వీటికి ఆ పురావస్తువుల చట్టం అడ్డు లేదు, డబ్బు అడ్డు. అమెరికా గ్రేడింగ్ కంపెనీల్లో పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండూ పేరున్నవే. నేరుగా పంపాలంటే సభ్యత్వం కావాలి, లేదంటే అధీకృత డీలరు ద్వారా పంపాలి, డీలరుకు వాడి కమీషను. ఒక్కో నాణేనికి ఫీజు, ప్రతి ఫారానికి విడిగా హ్యాండ్లింగ్ ఫీజు, రాను పోను కొరియర్, బీమా, డాలరు మార్పిడిలో బ్యాంకు కోత. తిరిగి వచ్చేటప్పుడు ఇది మన దగ్గరినుంచి పోయిన నాణెమే అని చూపే కాగితాలు సరిగా లేకపోతే, మన రూపాయికి మనమే కస్టమ్స్ సుంకం కట్టుకోవాల్సి రావచ్చు. ఫీజులు మారుతుంటాయి, పంపే వారం వాళ్ల సైటులోనే చూసుకో. ఒకటి పంపినా ఇరవై పంపినా కొరియర్ ఖర్చు దాదాపు అంతే కాబట్టి ఒంటరిగా పంపిన నాణేనికి ఎప్పుడూ నష్టమే.

లెక్క ఎట్లా వెయ్యాలో చూపిస్తాను. ఇవి ఊహకు వేసిన అంకెలే, నువ్వు నిజం అంకెలు పెట్టుకో. లాహోర్‌లో కొట్టిన, ఎల్ అక్షరం ఉన్న 1945 రూపాయి ఒకటి విడిగా 900కి పోతుందనుకో. 63 వస్తే 2,500, 65 వస్తే 7,000 అనుకో. అన్నీ కలిపి ఒక నాణేనికి ఖర్చు 4,500. చూడ్డానికి 65 వస్తే లాభమే కదా అనిపిస్తుంది. కానీ నీ కంటికి కొత్తవిగా కనబడే పదింటిలో ఒకటి 65, నాలుగు 63, మిగతా ఐదు ఏయూనో డీటెయిల్సో వస్తాయి, ఆ ఐదూ విడి ధరకే పోతాయి. పదింటికీ వచ్చేది 7,000, 10,000, 4,500 కలిపి 21,500. అంటే సగటున ఒకదానికి 2,150. పంపకుండా అమ్మినా 900 వచ్చేదే కాబట్టి గ్రేడింగ్ వల్ల పెరిగింది 1,250. దానికోసం పెట్టింది 4,500. ప్రతి నాణెం మీదా 3,250 చేతి చమురు. ఆ ఒక్క 65ని పంపకముందే ఏరగలిగే కన్ను నీకు ఉంటే లెక్క మారుతుంది. ఆ కన్ను లేనంత కాలం మారదు.

ధరలు చూసేటప్పుడు అమ్మేవాడు పెట్టిన ధర చూడకు. ఎవడైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. అమ్ముడుపోయిన ధర చూడు. బెంగళూరు మరుధర్ ఆర్ట్స్, ముంబై తోడీవాలా వాళ్ల పాత వేలాల ఫలితాలు తిరగెయ్. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే గ్రేడు మూడు నాలుగు చోట్ల దొరికితేనే దాన్ని ధర అనుకో. వేలంలో కొనేవాడి మీద పడే కమీషను వేరు, అమ్మేవాడికి చేతికొచ్చేది వేరు. గ్రేడింగ్ కంపెనీల సైట్లలో పాపులేషన్ రిపోర్టు అని ఉంటుంది, ఏ గ్రేడులో ఇంతదాకా ఎన్నిటికి చీటీ ఇచ్చారో చెప్పే పట్టిక. అందులో ఏదో మామూలు రూపాయికి ‘65లో రెండే’ అని కనబడితే ఎగిరి గంతెయ్యకు. ఆ పట్టిక పంపినవాటినే లెక్కపెడుతుంది. డబ్బు దండగని ఎవరూ పంపని నాణెం అందులో అరుదుగానే కనబడుతుంది.

1964 నెహ్రూ రూపాయలు, 1957 నయాపైసలు, తామర పువ్వు ఇరవై పైసలు నీ లిస్టులో బోలెడున్నాయి. నెహ్రూది మన దేశపు మొదటి స్మారక నాణెం, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. ఇవి వేటికీ గ్రేడింగ్ వద్దు. టంకశాల పెట్టెలోనే ఉండిపోయిన ప్రూఫ్ సెట్టు, అంటే సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు ప్రత్యేకంగా కొట్టిన నాణేలు, దొరికితే అప్పుడు మాట్లాడదాం.

నా అసలు భయం ఇంకా రాయలేదు. లిస్టు వాట్సాప్‌లో నీ స్నేహితుల గ్రూపుల్లో కూడా తిరుగుతోందని మీయమ్మ మాటల్లో దొర్లింది. వెంటనే తీసెయ్. మన జిల్లాల్లో రైస్ పుల్లింగ్ ముఠాల సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నావు. ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని, ఒకపక్క హనుమంతుడో లక్ష్మీదేవో ఉన్న రాగి బిళ్ల పట్టుకొచ్చి, ఇరిడియం ఉంది, బియ్యం లాగుతుంది, కోట్లు పలుకుతుంది అంటారు. కంపెనీ ఆ ఏడు అట్లాంటి బిళ్ల కొట్టనే లేదు. గుడి దగ్గర అంగళ్లలో అమ్మే బొమ్మబిళ్లలకూ వాటికీ తేడా లేదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి చూపిస్తారు. పాత నాణేలున్న ఇల్లని తెలిస్తే వాళ్లు మీ గడప తొక్కుతారు. మీ నాన్న ఎప్పుడూ డ్యూటీలో ఉంటాడు, ఇంట్లో మీయమ్మ ఒక్కతే. ఇంకో రకం వాళ్లు ఫోన్లో వస్తారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు పది లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది, తాము పాత నాణేల వ్యాపారంలో లేమని, ఎవరి దగ్గరా కమీషను అడగమని. అమ్మేవాడు ఎదురు డబ్బు కట్టే బేరం ఎక్కడా లేదు.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. డబ్బాలో ఉందంటే అసలుదే అనుకోకు, డబ్బాలకూ నకిలీలొచ్చాయి. చీటీ మీది నంబరు ఆ కంపెనీ సైటులో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే నాణెం మీది ప్రతి మచ్చా సరిపోల్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. పీవీసీ లేని, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న గట్టి కార్డు హోల్డర్లు కొను, ఒక్కో నాణేనికి ఒకటి. పిన్ను కొట్టాక దాని కొసలు పట్టకారుతో నొక్కు, లేకపోతే పక్క నాణేన్ని గీరుతాయి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యి, వానాకాలంలో మార్చు. రబ్బరు బ్యాండు, పేపరు ముక్క, బీరువా వార్నిషు వాసన దగ్గరికి రానీయకు. తోమనివి అని నీకు అనిపించినవి వేరే వరసలో పెట్టు. ఎనిమిదో పదో ఉంటాయి. ఒక్కోదానికి మూడు ఫోటోలు తీయ్: ముందు, వెనక, దీపం కింద వంచినప్పుడు మెరుపు తిరిగేది. ఫ్లాష్ వద్దు. ఫోన్ను పుస్తకాల దొంతర మీద ఆనించి తీస్తే చెయ్యి వణకదు. బరువు పక్కనే రాయి. అవి నాకు పంపు, గ్రూపులో కాదు, నాకొక్కడికే. 1911దీ, లాహోర్ రూపాయీ, మెరుపు పోని 1947దీ, ఈ మూడింటి ఫోటోలు ముందు రావాలి. మిగతావి నిదానంగా చూద్దాం.

అన్నీ చూశాక ఏదీ పంపక్కర్లేదని తేలితే మొహం వేలాడదీయకు. నీ కంటికి ఆ పదీ చూసిన అనుభవం వస్తుంది, దానికి ఎవడూ ఫీజు తీసుకోడు. గాంధీ రోడ్డులో ఏ కంసాలి అడిగినా 1911ది మాత్రం చూపించొద్దు, తూకం వేస్తానన్నా సరే.

మీయమ్మని అడిగినట్టు చెప్పు. చింతపండు పారబోయక్కర్లేదు, చారు పెట్టమను.

ఇట్లు
మీ మామ